ధారపోసి ఇచ్చిన పిల్ల

నరసరావుపేట,
6 మార్చి 2025.

ఏమే బిందూ,

పెద్దమ్మ ఉందో పోయిందో కనుక్కోవాలని కూడా అనిపించలేదా నీకు? శివరాత్రికి వస్తానన్నావు. కోటప్పకొండ తిరునాళ్ళ అయిపోయింది, ప్రభలన్నీ విప్పేశారు, నువ్వు మాత్రం రాలేదు. ఊళ్ళో ఆడపిల్లలందరినీ ఉద్ధరించడానికి తీరిక ఉంటుంది గానీ, హైదరాబాదు నుంచి పేట దాకా రావడానికి ఉండదు. ఫోన్ చెయ్యొచ్చుగా అంటావేమో. నాకు సగం వినపడదు. చెవి మిషన్ పెట్టుకుంటే ఈల వేస్తుంది. కోడలి చేత మెసేజులు రాయిస్తే మన ముచ్చట్లు బజారంతా తిరుగుతాయి. మీ అమ్మ ఉన్నన్నాళ్ళూ అక్కాచెల్లెళ్ళం ఉత్తరాలే రాసుకున్నాం, నువ్వూ అలాగే రాయి.

ఇక నువ్వు పంపిన నాగవేణి సంగతి. కార్తీకంలో నువ్వు తెచ్చి దింపినప్పుడు ఎవరి ముఖమూ చూసేది కాదు. ఎవరైనా తలుపు గడియ వేస్తే వణికిపోయేది. ఇప్పుడు మన ట్రస్టు కుట్టు కేంద్రంలో అందరికంటే జాకెట్లు బాగా కుడుతోంది. పడక మన మేడ మీద గదిలోనే. ఇప్పటికీ తలుపు బార్లా తీసే పడుకుంటుంది. పిల్లి దూరి పాలు తాగిపోతున్నా సరేనని ఊరుకున్నాను. తిరునాళ్ళకి తీసుకెళ్తే చెరకుగడ కొనుక్కుని, నమలలేనని తెలిసీ నాకో ముక్క విరిచి పెట్టింది. ఎంత నవ్వొచ్చిందో!

అసలు కబురు చెప్పనా? మీ పెద్దనాన్నకి ఇద్దరూ మగపిల్లలే అయ్యారని, కన్యాదానం చేసే యోగం ఈ జన్మకి లేకపోయిందని ఎప్పటినుంచో దిగులు. ఇప్పుడు దేవుడే సంబంధం పంపాడు. మన పత్తికి లారీలు మాట్లాడే జక్కయ్య లేడూ, అతనే తెచ్చాడు. అబ్బాయి పేరు గోపి. షోలాపూరులో స్థిరపడ్డ తెలుగువాళ్ళు. జిన్నింగు మిల్లులో సూపర్‌వైజరట. కట్నం వద్దన్నాడు. పిల్ల గతమంతా తెలిసి కూడా చేసుకుంటానన్నాడే! ఈ రోజుల్లో అలాంటి ధర్మాత్ముడు దొరుకుతాడా? వైశాఖంలో ముహూర్తం పెట్టిద్దామనుకుంటున్నాం. ముందు నీకే రాస్తున్నాను, సంతోషించు.

వేళకి తిండి తిను. అందరి కష్టాలూ నెత్తినేసుకుని ఎండిపోకు.

మీ పెద్దమ్మ,
మహాలక్ష్మమ్మ

*

హైదరాబాద్,
15 మార్చి 2025.

పెద్దమ్మా,

తిట్లన్నీ భద్రంగా అందాయి. అమ్మ పోయాక నన్నింత కడుపునిండా తిట్టేవాళ్ళు నువ్వు తప్ప లేరు. శివరాత్రి రోజు పొద్దున్నే బస్సెక్కాల్సింది. అప్పుడే పోలీసులు ఒక లాడ్జి నుంచి పిల్లల్ని మా హోమ్‌కి తీసుకొచ్చారు. అందులో ఒకతి నా చున్నీ పట్టుకుని సాయంత్రం దాకా వదల్లేదు. ఎలా రానూ?

నాగవేణి చెరకు కొనుక్కున్న సంగతి ఇక్కడ అందరికీ చదివి వినిపించాను. మా దగ్గరికి వచ్చిన కొత్తల్లో అన్నంలో ఏదో కలిపారేమోనని, ముందు మేం తింటే గానీ ముద్ద ముట్టేది కాదు. ఆ పిల్లని ఇంతదాకా తెచ్చింది నువ్వే. ఆ గొప్ప నీదే.

కానీ పెళ్ళికి కంగారు పడకు పెద్దమ్మా. ఆ గోపికి ఈ పిల్ల గతం ఎవరు చెప్పారు? మేమైతే ఎవరికీ చెప్పం. తనంతట తను చెబితే తప్ప అది ఎవరికీ తెలియాల్సిన సంగతి కాదు. షోలాపూరులో అతని ఇల్లు ఎవరైనా చూసొచ్చారా? ఇక్కడ ఏ పిల్లకి సంబంధం వచ్చినా మా మనిషి ఒకరు ముందు చెప్పకుండా వెళ్ళి, ఇల్లూ పనిచేసే చోటూ చూసి, ఇరుగుపొరుగుని అడిగి వస్తారు. అలా వెళ్ళినందుకే తప్పిపోయిన పెళ్ళిళ్ళు కొన్ని ఉన్నాయి.

అన్నిటికంటే ముందు, నాగవేణికి ఇష్టమేనా? పత్తి విత్తనాల పనికని వాళ్ళ ఊరి మేస్త్రి భార్య తీసుకెళ్ళి పుణెలో అమ్మేసింది. కోర్టులో ఆవిడ ఎదురుగా నిలబడేసరికి ఈ పిల్లకి నోరు పెగల్లేదు. కేసు పోయింది. అప్పటినుంచి ఎవరేం చెప్పినా తలూపడమే. ఇంకో ఏడాది ఆగు. తన సంపాదన తను చూసుకోనీ. తర్వాత తనే చెబుతుంది కావాలో వద్దో.

పెద్దనాన్నకి నా నమస్కారాలు.

నీ బిందు

*

నరసరావుపేట,
2 ఏప్రిల్ 2025.

బిందూ,

ఉగాది పచ్చట్లో వేపపువ్వు ఎక్కువైందనుకున్నాను. నీ ఉత్తరం అంతకంటే చేదుగా ఉంది.

గతం ఎవరు చెప్పారని అడిగావు. మేమే చెప్పాం. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు గానీ, మీ పెద్దనాన్న ఒక్క అబద్ధం కూడా ఆడనన్నారు. పత్తిలో నెమ్ము ఉంటే కొనేవాడికి ముందే చెప్పేసే మనిషి ఆయన, నీకు తెలుసు. జక్కయ్యని కూర్చోబెట్టి అన్నీ చెప్పారు. పిల్ల ఎక్కడ ఉండి వచ్చిందో చెప్పారు. తండ్రి గంగయ్య గురజాల దగ్గర క్వారీలో రాళ్ళు కొడతాడనీ, కూతురికి హైదరాబాదులో పెళ్ళైపోయిందని ఊళ్ళో చెప్పుకుని మళ్ళీ గడప తొక్కనివ్వలేదనీ, వెనకా ముందూ మేం ముసలివాళ్ళం తప్ప ఎవరూ లేరనీ చెప్పారు. రేపు తెలిసి పిల్లని ఎత్తిపొడవకూడదుగా! జక్కయ్య పోయి మాట్లాడి వచ్చి, "అయ్యగారూ, ఇయ్యన్నీ ఇని గూడా పిల్లోడు ఎనక్కి తగ్గలేదండీ. ఇంకా సంబరపడ్డాడు" అన్నాడు. మీ పెద్దనాన్న కళ్ళు చెమర్చాయి.

ఇల్లు చూడాలంటావు. ఫోన్లో ఫోటోలు చూపించాడు, మేడ ఇల్లు. వాళ్ళక్క సుందరి వచ్చి పిల్లకి గాజులు తొడిగి బొట్టు పెట్టి వెళ్ళింది. చక్కని మనిషి. అయినా మనిషిని నమ్మకుండా గోడల్ని చూసి ఏం చేస్తాం? జక్కయ్య ఇన్నేళ్ళలో మన పత్తి బేలు ఒక్కటి కూడా దారి తప్పనివ్వలేదు.

పిల్లని అడగలేదనుకున్నావా? అడిగానమ్మా. "గోపితో నీ పెళ్ళి అనుకుంటున్నాం" అన్నాను. "మీ ఇష్టం అమ్మగారూ" అంది. ఇంకేం కావాలి? నా పెళ్ళప్పుడు నన్ను ఆ మాత్రం కూడా అడగలేదు.

ఒక మాట చెబుతాను, కోపం తెచ్చుకోకు. నీకు ముప్ఫై దాటాయి. సంబంధమంటే చాలు ఆమడ దూరం పోతావు. పెళ్ళంటే నీకు పడకపోతే పడకపోయింది, దాన్ని ఆ పిల్ల మీద రుద్దకు. నువ్వు చూసే మగవాళ్ళే లోకంలో అందరూ కాదు.

పెద్దమ్మ

*

హైదరాబాద్,
14 ఏప్రిల్ 2025.

పెద్దమ్మా,

కోపం తెచ్చుకోవద్దన్నావు. తెచ్చుకున్నాను.

"మీ ఇష్టం" అనడం ఒప్పుకోవడం కాదు. పుణె తీసుకెళ్ళిన మేస్త్రి భార్యతోనూ ఆ పిల్ల ఆ మాటే అంది. కాదు అనడం దానికి ఇంట్లో ఎవరూ నేర్పలేదు. కాదంటే ఏం చేస్తారో మాత్రం పుణెలో నేర్పారు.

పెద్దనాన్న ఏయే నిజాలు చెప్పారో ఒక్కసారి మళ్ళీ చదువుకో. ఈ పిల్లకి పుట్టిల్లు లేదు, ఏమైనా అడిగేవాళ్ళు రారు, ఇంటికి పోవడానికి దారి లేదు. ఆడపిల్లల్ని అమ్ముకునేవాడికి కావాల్సింది సరిగ్గా అదే. వాడు సంబరపడ్డాడంటే నాకు ఒళ్ళు జలదరించింది, మీకు కళ్ళు చెమర్చాయి.

నాగవేణి పత్తి కాదు పెద్దమ్మా, నెమ్ము సంగతి చెప్పడానికి. మీకు పుణ్యమే కావాలంటే కొండ మీద అన్నదానం చేయించండి. మనిషిని దానం చెయ్యకండి. నేను ఈ నెలలో కదల్లేను, కొత్తగా వచ్చిన పిల్లల వాంగ్మూలాలు నడుస్తున్నాయి. జూన్‌లో వస్తాను. అప్పటిదాకా ఆపు, నీకు దణ్ణం పెడతాను.

బిందు

*

నరసరావుపేట,
17 మే 2025.

బిందూ,

బుధవారం నాగవేణి పెళ్ళి జరిగిపోయింది. నీకు శుభలేఖ పంపలేదు. నీ ఉత్తరం మీ పెద్దనాన్నకి చూపించలేదు, చూపిస్తే ఆ ముసలిప్రాణం తట్టుకోదు. పుణ్యానికి ఆశపడ్డామనే అనుకో. అందులో నిన్ను వాటాకి పిలవం.

అయినా నీకు కాక ఎవరికి చెప్పుకోను? అల్లుడి కాళ్ళు కడిగేటప్పుడు నేను చెంబుతో నీళ్ళు పోస్తుంటే మీ పెద్దనాన్న చంటిపిల్లాడిలా ఏడ్చేశారు. ఈయనకి ఏడుపు కూడా వచ్చా అనుకున్నాను. అల్లుడు బహు నిరాడంబరుడు. ఫోటోలు, వీడియోలు వద్దన్నాడు. ఎవరైనా ఫోన్ ఎత్తితే హోమం పొగ కళ్ళలో పడిందని కండువా అడ్డం పెట్టుకునేవాడు. వాళ్ళ వైపు నుంచి సుందరి, ఇద్దరు మగవాళ్ళు తప్ప ఎవరూ రాలేదు. పెద్దవాళ్ళకి ప్రయాణం పడదట.

అప్పగింతలప్పుడు చూడాలే! కారెక్కే ముందు పిల్ల నా చీర కొంగు పట్టుకుని వదల్లేదు. కంట నీరు లేదు, వేళ్ళు మాత్రం బిగుసుకుపోయాయి. సుందరే ఒక్కో వేలూ విడదీసి కారెక్కించింది. "అబ్బో, కన్నతల్లిని కూడా ఇంతగా పట్టుకోరమ్మా" అని ముత్తయిదువులందరూ కళ్ళు తుడుచుకున్నారు. నాకు గర్వంగా అనిపించింది. నాకూ ఒక కూతురుందని లోకం ముందు రుజువైనట్టనిపించింది.

అదీ సంగతి. నీ మనసు కుదుటపడితే రాయి, లేకపోతే మానెయ్యి.

పెద్దమ్మ

*

హైదరాబాద్,
27 మే 2025.

పెద్దమ్మగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. నాగవేణి సుఖంగా ఉండాలని నేనూ కోరుకుంటున్నాను. ఏప్రిల్‌లో రాసిన మాటల్లో పుణ్యం గురించి అన్నది తొందరపాటు, క్షమించండి. మిగతా మాటలు వెనక్కి తీసుకోలేను.

షోలాపూరులో వాళ్ళ అడ్రసు, గోపి ఫోన్ నంబరు పంపగలరా? ఆ ఊళ్ళో మాలాగే పనిచేసేవాళ్ళు ఉన్నారు. ఒకసారి పలకరించి వస్తారు.

హిమబిందు

*

నరసరావుపేట,
19 జూన్ 2025.

ఏమే,

పెద్దమ్మగారెవరే? "మీరు" ఎవరే? చిన్నప్పుడు నా ఒళ్ళో కూర్చుని ముక్కు చీదిన దానివి, నన్ను గారూ గీరూ అంటావా? అందుకే అలిగి ఇన్నాళ్ళూ రాయలేదు. అడ్రసు కూడా చేతికి రాలేదు, జక్కయ్య రేపూ మాపూ అని తిప్పి మొన్న చెప్పాడు. ఈ కాగితం వెనక రాశాను. నీవాళ్ళు వెళ్ళి చూస్తే చూడనీ, నాకేం భయం లేదు.

పోయిన వారం గోపి ఫోన్ నుంచి పిల్ల మాట్లాడింది. కోడలు స్పీకరు పెట్టింది కాబట్టి బాగానే వినపడింది. బాగున్నావా అంటే బాగున్నానంది. తిన్నావా అంటే తిన్నానంది. ఇంకేం చెప్పవే అంటే, "అమ్మగారూ, మేడ మీద గది ఖాళీగానే ఉందా?" అంది. "ఖాళీ ఎక్కడిదే, గోతాలన్నీ అందులో పడేశాం. సొంత ఇల్లుండగా ఇంకా ఆ గదితో నీకేం పని" అని నవ్వాను. "అట్నేనమ్మగారూ" అని పెట్టేసింది. మేడలో కాపురముంటున్నా ఆ గది మీద మమకారం పోలేదు చూడు!

వచ్చే గురువారం నుంచి ఆషాఢం. కొత్త పెళ్ళికూతురు ఆషాఢంలో అత్తగారింట ఉండకూడదు, పుట్టింటికి రావాల్సిందే. పంపించవయ్యా అంటే గోపి, "మాకు ఆ పట్టింపులు లేవండీ" అన్నాడు. వాళ్ళకి లేకపోతే? కన్యాదానం చేసినవాళ్ళం, మాకుండవా? ఇంటెడు చాకిరీ చేసే కోడల్ని వదల్లేక అత్తగారు అడ్డం పడుతోందని నా అనుమానం. నేనే వెళ్ళి ఆవిడతో మాట్లాడి తీసుకొస్తాను. మేమిద్దరం సోమవారం బయల్దేరుతున్నాం. లడ్లు, మినపసున్ని చేయించాను, చీర కొన్నాను. చెప్పాపెట్టకుండా వియ్యాలవారింటికి పోతే బాగుండదని, వస్తున్నామని మీ అన్నయ్య కోటి చేత ఫోన్ చేయించాను కూడా.

శ్రావణ మంగళవారాలు ఇక్కడే నోయిస్తాను. నువ్వూ రా. దానికి నువ్వంటే ప్రాణం.

నీ పెద్దమ్మ

*

హైదరాబాద్,
24 జూన్ 2025.

పెద్దమ్మా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. వెంటనే ఫోన్ చేశాను, కోటి అన్నయ్య తీశాడు. నిన్ననే బయల్దేరారన్నాడు. వినపడని ఫోన్ ఎందుకని నీది ఇంట్లోనే వదిలేశావట. పెద్దనాన్న ఎత్తడం లేదు. ఎలాగైనా మీకు కబురందించమని బతిమాలితే, "శుభమా అని పోయినోళ్ళని నీ అనుమానాలతో ఎందుకేడిపిస్తావ్? నీ గోలేందసలు?" అని పెట్టేశాడు. ఇంకేం చెయ్యాలో తోచక రాస్తున్నాను. తిరిగొచ్చేసరికి ఇది నీ ఇంట్లో ఉంటుంది.

గది ఖాళీగా ఉందా అంటే, నన్ను మళ్ళీ రానిస్తారా అని అడగడం పెద్దమ్మా. పక్కన ఎవరో నిలబడి వింటూ ఉంటారు. అంతకంటే ఏం అడగగలదు? నువ్వు నవ్వావు.

అడ్రసు అక్కడి మావాళ్ళకి పంపాను, ఈ రోజే వెళ్తున్నారు. వస్తున్నామని నువ్వు ముందే చెప్పించకుండా ఉంటే బాగుండేది.

బిందు

*

నరసరావుపేట,
1 జులై 2025.

బిందూ,

నీ ఉత్తరం ఇంటికొచ్చాక చూశాను. చదవమని కోటికే ఇచ్చాను. వాడు చదివి తల దించుకుని కొట్లోకి వెళ్ళిపోయాడు.

అక్కడ మేడ ఏమీ లేదు. రేకుల షెడ్లు వరసగా ఉన్నాయి. వాటిలో ఒకదానికి తాళం. మేం ఆటో దిగేసరికి మీవాళ్ళు ఇద్దరు అక్కడే నిలబడి ఉన్నారు. పక్క వాటాలో హీనా అని కర్నూలు వైపు పిల్ల, కాపురానికి అక్కడికొచ్చిందట. మా చేతిలో లడ్ల డబ్బా, పూలూ చూసి, "అమ్మగారంటే మీరేనా?" అంది. లోపల కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. ఆ పిల్ల చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను, నా నోటితో మళ్ళీ చెప్పలేను.

"అమ్మా, ఆ ఇంట్లో కాపురాలు ఉండవు. ఆయప్ప ఎక్కడెక్కడి నుంచో పెండ్లికూతుళ్ళని తెస్తాడు. వస్తా ఉంటారు, పోతా ఉంటారు. ఈ పిల్ల వంటింటి కిటికీ కాడ నిలబడి నాతో తెలుగులో మాట్లాడేది. ఆషాఢానికి మా అమ్మగారు వచ్చి తీసకపోతుందక్కా అని రోజూ చెప్పేది. నిన్న పొద్దున జీపు వచ్చింది. దీని అమ్మానాన్న వస్తా ఉన్నారంట అని ఆ సుందరి నవ్వుకుంటా సామాను కట్టింది. ఈ పిల్ల రానంటే కొట్టి ఎక్కించినారు."

మా కోసం ఎదురుచూసిందే బిందూ! మేమే వాళ్ళకి చెప్పి మరీ వెళ్ళాం.

మీ పెద్దనాన్న ఆ తాళం వేసిన గడప మీద కూర్చుండిపోయారు. "సరుకు సంగతి చెప్పాను గానీ కొనేవాడి సంగతి కనుక్కోలేదు, లక్ష్మీ" అన్నారు. "ఇంకా సరుకంటారేందండీ!" అని బజారులో ఆయన మీద అరిచాను. పెళ్ళైన నాటి నుంచి ఆయన మీద గొంతు లేపింది ఎరగను.

నీ మాట వినలేదు. నిన్ను పెళ్ళికాని దానివని ఎత్తిపొడిచాను. ఇప్పుడు ఏం చెయ్యమంటావో చెప్పు, చేస్తాను.

పెద్దమ్మ

*

హైదరాబాద్,
5 జులై 2025.

పెద్దమ్మా,

ఏడవడం తర్వాత. ముందు పోలీస్ స్టేషన్లో కంప్లయింట్ ఇవ్వండి. నాగవేణి తండ్రి గంగయ్యని మావాళ్ళు కలిశారు. "మా పిల్ల కాపురం చేసుకుంటంది, మీరు మా పరువు దీయబాకండి" అని పంపేశాడట. తల్లి రోశమ్మ గుమ్మం వెనక నిలబడి ఏడుస్తోంది గానీ బయటికి రాలేదు. అంటే ఆ పిల్ల తప్పిపోయిందని చెప్పేవాళ్ళు లోకంలో మీరిద్దరే.

ట్రస్టు పరువు పోతుందని ఎవరో ఒకరు ఆపబోతారు. ఆగకండి. జక్కయ్య పేరు దాచకండి. అతనికి ముందుగా ఒక్క మాట కూడా చెప్పకండి. ఈసారి ఎవరికీ చెప్పకండి, నేరుగా స్టేషన్‌కే వెళ్ళండి.

బిందు

*

నరసరావుపేట,
23 జులై 2025.

బిందూ,

వెళ్ళాం. ఇచ్చాం. నువ్వు చెప్పినట్టే ఆపడానికి చానామంది వచ్చారు. ట్రస్టు సభ్యులు ఇంటికొచ్చి, పెళ్ళి చేశాం, మన బాధ్యత తీరింది, మొగుడూపెళ్ళాల గొడవ అనుకుని వదిలెయ్యమన్నారు. కేసంటే దాతలెవరూ కుట్టు కేంద్రం గడప తొక్కరన్నారు. మీ పెద్దనాన్న వాళ్ళకి కాఫీలు ఇప్పించి, వాళ్ళు వెళ్ళగానే చొక్కా తొడుక్కుని స్టేషన్‌కి బయల్దేరారు.

అక్కడ సబ్ ఇన్స్పెక్టరు అడిగాడు, "అమ్మాయిని వాళ్ళకి అప్పజెప్పింది ఎవరండీ?" అని. ఈయన లేచి నిలబడి, "నేనే. ఈ చేతుల మీదుగా నీళ్ళు ధారపోసి ఇచ్చాను" అన్నారు. పక్కనున్న రైటరు కంగారుపడి, "పెద్దాయనా, అట్టా చెప్పబాకండి, కేసు మీ మీదికొస్తది" అన్నాడు. "వస్తే రానీ నాయనా, జరిగింది రాసుకో" అన్నారు. జక్కయ్యకి ఏమేం చెప్పారో, అతను ఏమన్నాడో, ఒక్క ముక్క వదలకుండా చెప్పారు. నేను పక్కన కూర్చుని ఆ మాటలన్నీ మళ్ళీ విన్నాను. మొదటిసారి విన్నప్పుడు ఎంత ధర్మంగా ఉన్నాయో!

జక్కయ్యని పట్టుకున్నారు. నా కాళ్ళ మీద పడబోయాడు. "అమ్మా, కమీషనిస్తానంటే కుదిర్చా గానీ ఇట్టాంటోళ్ళని నాకేం తెలుసు" అన్నాడు. అతన్ని ఏమని తిట్టను? మాకు మాత్రం ఏం తెలుసు?

కుట్టు కేంద్రానికి తాళం వేశారు. మిగిలిన పిల్లలు ఇంటికొచ్చి కూర్చుంటున్నారు. మన వసారాలోనే మిషన్లు వేయించాను. మీ పెద్దనాన్న అన్నం సరిగా తినడం లేదు. ఏదైనా కబురు తెలిస్తే రాయి. మంచిదైనా చెడ్డదైనా రాయి.

పెద్దమ్మ

*

హైదరాబాద్,
14 ఆగస్టు 2025.

పెద్దమ్మా,

దొరికింది. బతికే ఉంది.

ఆ జీపు నంబరు పట్టుకుని పోలీసులు, మావాళ్ళు కలిసి మిరజ్ దగ్గర ఒక ఇంటి మీదికి వెళ్ళారు. నాగవేణితో పాటు ఇంకా కొందరున్నారు, అందరి మెడల్లోనూ తాళిబొట్లే. గోపిని, సుందరిని అరెస్టు చేశారు. సుందరి వాడికి అక్క కాదు.

నేను వెళ్ళి తీసుకొచ్చాను, మా హోమ్‌లోనే ఉంది. నీ దగ్గర దాచను. రైల్లో నా భుజం మీద తల పెట్టలేదు, కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. పారిపోబోయిందని కుడిచేతి వేళ్ళు విరిచారు. కట్టు కట్టకుండా వదిలేశారు. అవి సరిగా అతుక్కోలేదు, ఆ చెయ్యి ఇక కుట్టు మిషన్‌కి పనికిరాదంటున్నారు డాక్టర్లు.

నీకు తెలిస్తే చూడ్డానికి వస్తావని చెప్పాను. "వద్దక్కా. అమ్మగారు ఏడిస్తే నేను మళ్ళీ అన్నిటికీ సరేనంటా" అంది. నీకు బాధగా ఉంటుందని తెలుసు. కానీ ఆ పిల్ల నోట "వద్దు" అనే మాట వినడం నాకు ఇదే మొదటిసారి పెద్దమ్మా. అందుకే ఇప్పుడే రాకు.

ఇంకో చిక్కు ఉంది. ఈసారి కోర్టులో మాట్లాడతానంటోంది. గోపి గురించి, సుందరి గురించి అంతా చెబుతోంది. పెళ్ళి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆగిపోతోంది. "అయ్యగారూ అమ్మగారూ మంచోళ్ళు, వాళ్ళ పేరు కోర్టులో రానియ్యను" అంటోంది. తనకి అన్నం పెట్టారంటోంది. గోపి వాళ్ళ లాయరు అప్పుడే మొదలుపెట్టాడు, పెద్దల సమక్షంలో ఇష్టపడి చేసుకున్న పెళ్ళి, ఆమె భార్య, ఎక్కడికి తీసుకెళ్ళినా భర్త వెంట వెళ్ళిందేనని. పెళ్ళి ఎలా కుదిరిందో ఈ పిల్ల చెప్పకపోతే అది నిలబడిపోతుంది. నేను బలవంతం చెయ్యలేను. చేస్తే నాకూ మిగతావాళ్ళకీ తేడా ఏముంది?

బిందు

*

నరసరావుపేట,
20 ఆగస్టు 2025.

తల్లీ బిందూ,

నీ ఉత్తరం మీ పెద్దనాన్నకి నేనే చదివి వినిపించాను. ఈసారి ఏ ముక్కా దాచలేదు. వేళ్ళ సంగతి దగ్గర ఆయన లేచి పెరట్లోకి వెళ్ళిపోయారు. కాసేపటికి తిరిగొచ్చి, మిగతాది చదువు అన్నారు.

రావద్దంటే రాను. దాని మాట కాదని వస్తే నేనసలు మనిషినేనా? దానికి ఇష్టమైన చేపల పులుసు నా చేత్తో నేను వండలేను, మన ఇంట్లో చెయ్యరు కదా. అక్కడ ఎవరి చేతనైనా వండించి పెట్టు. నేను అడిగానని మాత్రం చెప్పకు. మళ్ళీ రుణపడ్డాననుకుంటుంది.

నిన్న ట్రస్టు సభ్యులు ఒక లాయరుని వెంటబెట్టుకుని వచ్చారు. మా మంచి కోసమేనట. ఆ లాయరు నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, కోర్టులో అడిగితే అమ్మాయి మనస్ఫూర్తిగా ఒప్పుకుందని చెప్పండమ్మా, మీకూ ట్రస్టుకీ ఏ మచ్చా రాదు అన్నాడు. అప్పుడు బాగా గుర్తు చేసుకున్నాను బిందూ. పెళ్ళి అనుకుంటున్నాం అని దానికి చెప్పాను గానీ, నీకిష్టమేనా అని అడగలేదు. ఒక్కసారి కూడా అడగలేదు. ఆ మాటే ఆ లాయరుకి చెప్పాను. జడ్జిగారు అడిగినా అదే చెబుతాను. గోపి పక్కన నన్ను నిలబెట్టినా చెబుతాను. మీ పెద్దనాన్నదీ అదే మాట. కోటి అడ్డం పడ్డాడు గానీ, "నీ కూతురైతే ఏం చేస్తావురా?" అని ఆయన అడిగితే పక్కకి తప్పుకున్నాడు.

ఇక నాగవేణికి నా మాటగా చెప్పు. బలవంతంగా కాదు, దానికి వినాలనిపించినప్పుడే చెప్పు. అన్నం పెట్టినందుకు మమ్మల్ని దాచిపెట్టక్కర్లేదు. ఆ అన్నం ఎవరికి పెట్టినా పెట్టేవాళ్ళం, అది అప్పు కాదు. మా పేర్లు చెప్పమను, మా ఇంటి గుర్తు చెప్పమను. ఎవరు కాళ్ళు కడిగారో, ఎవరు నీళ్ళు పోశారో అన్నీ చెప్పమను. మేం మంచివాళ్ళమని అందటగా, ఆ మాట కూడా వదలొద్దని చెప్పు. ఆ మంచివాళ్ళే నన్ను ఇచ్చేశారు అని జడ్జి ముందు గట్టిగా చెప్పమను.

మహాలక్ష్మమ్మ